చిన్న పుల్లల పొయ్యికి ఒంటి మనిషి వంట సామాను: ప్రాజెక్టు డైరీ

గిన్నె ముందు కొని దాన్ని పొయ్యికి సరిపెట్టాలని చూస్తే ఇదే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. గ్యాసు పొయ్యి మీద ఏ గిన్నె పెట్టినా మంట తన పని తాను చేస్తుంది. పుల్లల పొయ్యిలో అలా కుదరదు. గాలి ఎటు పోవాలో, మంట ఎంత ఎత్తున ఆడాలో గిన్నె అడుగే తేలుస్తుంది. అందుకే ఈ డైరీ పొయ్యి మూతి కొలతతో మొదలవుతుంది. అడవి బాటలో మోసుకెళ్లే సామాను కనుక, ఏదైనా కొత్తగా చేరిన ప్రతి దశ చివరా బరువు, ఖర్చు కూడుతూ వచ్చాం. పొయ్యి ముందే ఉంది కాబట్టి దాని ధర లెక్కలో లేదు, బరువు మాత్రం ఉంది.

దశ 1: పొయ్యి కొలతలు, పరీక్ష పద్ధతి

రెండు గోడల స్టీలు పొయ్యి. బయటి వ్యాసం 110 మి.మీ., లోపలి గొట్టం మూతి 86 మి.మీ., బరువు 262 గ్రా. అడుగున ఉన్న రంధ్రాల నుంచి గాలి పుల్లల్లోకి వెళుతుంది. రెండు గోడల మధ్య నుంచి పైకెక్కిన గాలి వేడెక్కి మూతి దగ్గరి పై రంధ్రాల్లోంచి లోపలి గొట్టంలోకి తన్నుతుంది. పుల్లల నుంచి లేచిన పొగ అక్కడే అంటుకుని మంటగా మారుతుంది. ఆ పై వరుస బాగా పనిచేస్తే పొగ దాదాపు కనపడదు.

ప్రతి పరీక్షా ఒకే తీరున:

1. నీళ్లు 500 మి.లీ., 28 డిగ్రీల దగ్గర.
2. ఎండబెట్టిన సరుగుడు పుల్లలు 110 గ్రా. లావు 8 నుంచి 10 మి.మీ., పొడవు 50 నుంచి 60 మి.మీ.
3. పుల్లలు పై రంధ్రాలకు ఒక వేలు కిందే ఆగాలి. నిప్పు పైనుంచే అంటించాలి.
4. అగ్గిపుల్ల గీసినప్పటి నుంచి నీళ్లు తెర్లేదాకా గడియారం నడుస్తుంది. మూత పెట్టే ఉంచాలి.
5. నీళ్లు తెర్లగానే గిన్నె దించి పొయ్యిని తూచాలి, తగ్గిన బరువే కాలిన కట్టె. కాటా మీద చెక్క ముక్క వేసి, దాని బరువు సున్నా చేసి పెట్టుకోవాలి. లేదంటే కాటా ప్లాస్టిక్కు కరుగుతుంది.

ఒక్కో అమరికకు మూడుసార్లు చేసి నడిమి అంకె రాశాం.

లెక్కకు అరలీటరు నీళ్లు 28 నుంచి 100 డిగ్రీలకు పోవడానికి సుమారు 150 కిలోజౌళ్లు చాలు. ఎండిన కట్టె గ్రాముకు దగ్గర దగ్గర 16 కిలోజౌళ్లు ఇస్తుంది. అంటే వేడంతా నీళ్లలోకే పోతే 10 గ్రాములతో పని అయిపోవాలి. కాటా చూపిన అంకెలు ఎప్పుడూ 60కి తగ్గలేదు. ఆ మిగతా వేడిని ఎంతవరకు పట్టుకుంటుందో చూసే గిన్నెను ఎంచాలి.

మొత్తం: 262 గ్రా., 0 రూ.

దశ 2: పొడుగు మగ్గు, మొదటి ఓటమి

ఒంటరిగా అడవి బాట పట్టేవాళ్లు ఎక్కువగా వాడేది టైటానియం పొడుగు మగ్గు. వ్యాసం 95 మి.మీ., ఎత్తు 110, పట్టేది 780 మి.లీ. మూతతో కలిపి 100 గ్రాములు దాటదు. పొయ్యి దానిలో దూరిపోదు గానీ చిన్న గ్యాసు డబ్బా చక్కగా పడుతుంది. ఆ మగ్గును రూపొందించింది కూడా గ్యాసు కోసమే.

ఫలితం: 9 నిమిషాల 40 సెకన్లు, 77 గ్రా. కట్టె.

మగ్గు అడుగు 95, పొయ్యి మూతి 86. ఒక్కో పక్క మిగిలేది నాలుగున్నర మి.మీ. మాత్రమే. మంట అడుగును తాకీ తాకకుండానే పక్కల నుంచి పైకి లేచిపోతుంది. పిడులు ఆ మంటలోనే ఉంటాయి, గుడ్డ లేకుండా వేలు పెట్టలేం. పైగా పొయ్యి మూతి మీద గిన్నెను మోసే మూడు కాళ్ల స్టాండు మీద ఎత్తైన సన్నటి గిన్నె నిండుగా ఉంటే, పుల్ల దూర్చేటప్పుడు మోచేయి తగిలితే చాలు, ఒరిగిపోతుంది.

టీకి మాత్రమే అయితే ఇది ఇప్పటికీ మంచి మగ్గే. అన్నం, ఉప్మా వండాలంటే పక్కన పెట్టాలి.

దశ 3: వెడల్పు గిన్నె, పొగ

వ్యాసం 130, ఎత్తు 72 మి.మీ. స్టీలు గిన్నె. అడుగు వైశాల్యం 133 చ.సెం.మీ., అంటే మగ్గు అడుగుకు (71) దాదాపు రెట్టింపు. అదే పొయ్యి, అవే పుల్లలు.

ఫలితం: 12 నిమిషాల 30 సెకన్లు, 81 గ్రా. మొదటి రెండు నిమిషాలు మంట బాగానే ఉంది. గిన్నె పెట్టగానే మంట ఎర్రబడి, అంచుల నుంచి పచ్చటి పొగ చిమ్మింది. గిన్నె అడుగున జిడ్డు మసి గరిటెతో గీకేంత మందాన పట్టింది.

గిన్నె వెడల్పు తప్పు కాదు, స్టాండు ఎత్తు తప్పు. స్టాండు నాలుకలు (గిన్నె ఆనే రేకు కొసలు) పొయ్యి మూతికి 14 మి.మీ. పైన ఉన్నాయి. మూతిలోంచి పైకొచ్చే గాలికి బయటికి పోయే దారి, మూతి వైశాల్యానికి తగ్గకుండా ఉండాలి. గుండ్రటి మూతికి ఆ లెక్క చాలా తేలిక: గిన్నె అడుగుకూ మూతికీ మధ్య సందు ఎత్తు మూతి వ్యాసంలో నాలుగో వంతు. 86ను 4తో భాగిస్తే 21.5 మి.మీ. నాలుకలు కొంత దారి మూస్తాయి కనుక 25 పెట్టుకోవాలి. పొడుగు మగ్గుతో ఈ లోపం బయటపడలేదు, పొగ దాని పక్కల నుంచి నేరుగా పైకి పోయింది.

సవరణ:

1. స్టాండు మూడు నాలుకలకూ 4 మి.మీ. రంధ్రం. స్టీలు రేకుకు డ్రిల్లు నెమ్మదిగా తిప్పి, చుక్క నూనె వేయాలి. వేగంగా తిప్పితే రేకు గట్టిపడి బిట్టు అరిగిపోతుంది.
2. 20 మి.మీ. పొడవున్న ఎం4 (4 మి.మీ. లావు) స్టీలు బోల్టు తల పైకి పెట్టి దించి, నాలుకకు పైన ఒక నట్టు, కింద ఒక నట్టు బిగించాలి.
3. మూడు తలలూ ఒకే ఎత్తుకు రావాలి. గిన్నెలో వేలెడు నీళ్లు పోసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

బోల్టులు స్టెయిన్‌లెస్‌వే కావాలి. హార్డ్‌వేర్ షాపులో అడగకపోతే తెల్లగా మెరిసే జింకు పూతవి ఇస్తారు. మంటలో ఆ పూత కాలి పొగ వస్తుంది, అది పీల్చకూడదు.

సందు మార్చి, అదే 130 మి.మీ. గిన్నెతో:

సందు 14: 12 ని. 30 సె., 81 గ్రా., దట్టమైన పొగ.
సందు 25: 7 ని. 50 సె., 62 గ్రా., గిన్నె పెట్టిన అర నిమిషంలో పొగ పోయింది.
సందు 40 (పొడవు బోల్టులతో): 9 ని. 20 సె., 76 గ్రా. పొగ లేదు, కానీ మంట కొస మాత్రమే అడుగుకు తగిలింది. చిన్న గాలికే పక్కకు వంగింది.

180 మి.మీ. బాణలి కూడా 25 సందుతో పెట్టి చూశాం. 8 ని. 5 సె. వచ్చింది. లాభం లేదు, బరువు పెరిగింది, స్టాండు మీద ఊగింది. మూతి వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దాటాక వెడల్పు వల్ల ఒరిగేది ఏమీ కనపడలేదు. వేరే పొయ్యి ఉన్నవాళ్లు ఈ రెండు అంకెలే తీసుకుంటే చాలు: సందు నాలుగో వంతుకు కాస్త పైన, గిన్నె ఒకటిన్నర రెట్లు.

మొత్తం: 274 గ్రా., 30 రూ.

దశ 4: ఏ లోహం

ఒకే కొలత గిన్నె (130 × 72) మూత, పిడి లేకుండా ఎంత తూగుతుందో మందాన్ని బట్టి లెక్క కట్టవచ్చు:

స్టీలు 0.6 మి.మీ.: 200 గ్రా. పైచిలుకు.
సత్తు (అల్యూమినియం) 1.2 మి.మీ.: 140 గ్రా.
టైటానియం 0.4 మి.మీ.: 77 గ్రా.

వేడిని పక్కలకు పాకించే గుణంలో అల్యూమినియం స్టీలుకు పది రెట్లకు పైనే. టైటానియం స్టీలు లాంటిదే, పైగా పల్చన. నీళ్లు కాచేటప్పుడు ఈ తేడా బయటపడదు. 140 మి.మీ. సత్తు గిన్నెతో వచ్చింది 7 ని. 30 సె. మాత్రమే, స్టీలుతో 7:50. నీళ్లు వాటంతట అవే కలియబెట్టుకుంటాయి. గట్టి పదార్థం వచ్చినప్పుడే లోహం మాట్లాడుతుంది.

సత్తు గిన్నెను (తెలంగాణలో సిల్వర్ గిన్నె) ఎంచుకోకపోవడానికి కారణం పులుపు. చింతపండు చారు 300 మి.లీ. రాత్రంతా ఉంచితే ఉదయానికి నీటి గీత వెంట బూడిద రంగు మచ్చలు, గరుకుతనం. గంజి, పాలు, టీ కాచుకునేవాళ్లకు సత్తు గిన్నె తేలికే, చవకే. చారు, టమాటా, పులిహోర పులుసు పెట్టేవాళ్లకు కాదు.

మిగతావి చప్పున తేలిపోయాయి.

కళాయి ఇత్తడి: తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లున్నంతసేపు భయం లేదు. తాలింపు కోసం ఖాళీ గిన్నెను పుల్లల మంట మీద పెడితే కళాయి ముద్దలుగా జారుతుంది. బరువు సంగతి చెప్పనే అక్కర్లేదు.

నాన్‌స్టిక్: ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడడం మొదలవుతుంది. పుల్లల మంట మీద ఖాళీ పెనం ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

రాగి అడుగు స్టీలు గిన్నె: బజారులో దొరికే వాటిలో ఎక్కువ భాగం అడుగున రాగి పల్చటి పూతే. వేడిని పాకించేంత మందం దానికి లేదు. మసి పట్టాక ఆ అందమూ ఉండదు.

టంకం వేసిన డబ్బాలు: మామూలు టంకం 190 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నీటి గీతకు పైనున్న అతుకు ముందు ఊడుతుంది. టంకంలో సీసం ఉండే అవకాశమూ ఉంది. ఎంత తేలికైనా వద్దు.

దశ 5: టిఫిన్ క్యారియర్ గిన్నె

స్టీలు అని తేలాక కొలతలు పట్టుకుని పాత్రల దుకాణాల్లో వెతికితే, అన్నీ సరిపోయింది రెండు గిన్నెల టిఫిన్ క్యారియర్ పై గిన్నె. వ్యాసం 130, లోతు 72, మందం 0.6, నిండుగా 955 మి.లీ. బరువు 214 గ్రా. దీనికి మూడు గుణాలు కలిసొచ్చాయి.

అంచు మడత లేదు. మడత ఉన్న తపేలాలో మసి, గంజి ఆ మడతలోకి దూరి ఎంత తోమినా పోవు.

మూత లోపలికి దిగి కూర్చుంటుంది. బయటికి బోర్లించే మూత అయితే ఆవిరి నీళ్లు గిన్నె బయటి గోడ మీదుగా పొయ్యిలోకి కారతాయి. లోపలి మూత వాటిని మళ్లీ గిన్నెలోకే దింపుతుంది, పొగ వాసననూ ఆపుతుంది. మూత 64 గ్రా.

పక్కన రెండు చెవులు ఉన్నాయి. క్యారియర్ చట్రం దూరడానికి పెట్టిన ఆ చెవులకే తీగ పిడి కట్టవచ్చు.

కొనేటప్పుడు "ఎంత గేజు" అని అడగండి. అంకె పెరిగితే రేకు పల్చన. 24 గేజు అంటే సుమారు 0.56 మి.మీ., 22 అంటే 0.71. 26, 28 గేజు గిన్నెలు తేలికగా ఉంటాయి కానీ రెండో మంటకే అడుగు పొంగి, చదును నేల మీద బొంగరంలా తిరుగుతాయి. చెవులు చుక్క వెల్డింగ్‌తో అతికినవో కాదో లోపల వేలితో తడిమి చూడాలి. ఒక్కో చెవికి కనీసం రెండు చుక్కలు ఉండాలి.

పిడి చేయడం:

1. స్టెయిన్‌లెస్ సైకిల్ చువ్వ ఒకటి, 2 మి.మీ. లావు. 260 మి.మీ.కి కోయాలి.
2. 140 మి.మీ. డబ్బా చుట్టూ వంచి అర్ధచంద్రం చేయాలి.
3. రెండు కొసలూ 15 మి.మీ. దగ్గర కొక్కెంగా మడిచి చెవుల్లో తగిలించాలి.
4. నడిమిన 5 మి.మీ. పల్లం నొక్కాలి. కర్రతో ఎత్తేటప్పుడు జారదు.

మొదటిసారి పిడి వంట మధ్యలో పక్కకు పడిపోయి మంటలో కాలింది. కొక్కేన్ని లోపలికి ఇంకాస్త బిగించి, తిప్పితే రాపిడి తగిలేలా చేశాక నిలువుగా నిలబడుతోంది. నిలువుగా ఉన్న పిడిని పొయ్యి మీదున్నప్పుడూ మసిగుడ్డతో పట్టుకోవచ్చు, పడిపోయిన పిడిని పట్టుకోలేం.

సిలికాన్ తొడుగుల మడత పిడులు ఉన్న గిన్నెలు ఈ పొయ్యికి వద్దు. మంట గోడల మీదుగా పైకి వస్తుంది, తొడుగు కమిలిపోతుంది.

మొత్తం: 559 గ్రా. (గిన్నె 214, మూత 64, చువ్వ 7), 265 రూ.

దశ 6: అన్నం. ఎక్కువ రోజులు పట్టిన దశ

కొలత: సోనామసూరి 75 గ్రా.

మొదటి ప్రయత్నం: 200 మి.లీ. ఎసరు, మూత పెట్టి ఇంకించడం. ఆరో నిమిషానికి పొంగి, గంజి పొయ్యిలోకి కారి మంట ఆరింది. తిరిగి అంటిస్తే ముందు పొగ, తర్వాత మంట, అన్నంలో పొగ వాసన.

రెండో ప్రయత్నం: మూత వారగా పెట్టి, పుల్లలు కొద్దికొద్దిగా వేస్తూ. పొంగలేదు. గిన్నె నడిమిన అరచేయంత కూడా లేని గుండ్రటి మాడు, సరిగ్గా 60 మి.మీ. దాని చుట్టూ ఉడికిన మెతుకు, అంచుల దగ్గర పలుకు. గిన్నె బోర్లించి చూస్తే మంట ఎక్కడ ఆడిందో మాడు మీద గీసినట్టు ఉంది. స్టీలు వేడిని పక్కలకు పాకించకపోవడమంటే ఇదే.

మూడో ప్రయత్నం: అడుగున మరో స్టీలు పళ్లెం వేసి. మాడు తగ్గింది, వంట 9 నిమిషాలు పెరిగింది, సందు మూసుకుని పొగ తిరిగొచ్చింది. తీసేశాం.

పొయ్యిని గ్యాసులా తగ్గించాలని చూడటమే పొరపాటు. 110 గ్రాముల సరుగుడు పైనుంచి అంటిస్తే 12 నిమిషాలు గట్టి మంట ఇస్తుంది, తర్వాత 9 నిమిషాలు నిప్పులుగా ఉంటుంది. వంటను ఈ రెండు భాగాలకు సరిపెట్టాలి. మన ఇళ్లలో కట్టెల పొయ్యి మీద అన్నం వార్చి నిప్పుల మీద దమ్ముకు వేసే పద్ధతి ఉన్నది ఇందుకే.

పనిచేసిన పద్ధతి:

1. బియ్యం 30 నిమిషాలు నానబెట్టాలి. ఇది వదిలేస్తే మిగతాదంతా తప్పుతుంది.
2. 450 మి.లీ. నీళ్లు పోసి పొయ్యి వెలిగించాలి. గిన్నె 60 శాతానికి మించి నిండకూడదు. ఒక్కరికి లీటరు గిన్నె ఎందుకంటే ఈ పొంగు కోసమే.
3. నీళ్లు తెర్లాక బియ్యం వేసి, మూత తీసి, రెండుసార్లు అడుగు కలపాలి. నీళ్లు ఎక్కువగా ఉన్నందున మెతుకులు కదులుతూ ఉంటాయి, ఒకేచోట మాడవు.
4. ఐదారు నిమిషాలకు మెతుకు నొక్కితే నడిమిన సన్నటి పలుకు తగలాలి. అప్పుడు మూత బిగించి గంజి వార్చాలి.
5. మంట ఆరి నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు మూతతో తిరిగి పెట్టి 8 నిమిషాలు.

నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ మాడలేదు. వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని తాగవచ్చు, కొండ మీద నీళ్లు వృథా చేయలేం కదా. 900 మీటర్ల పైనున్న అరకులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అక్కడ నాలుగో మెట్టుకు ఒకటి రెండు నిమిషాలు కలపాలి.

ఉప్మా దీనికంటే తేలిక. రవ్వ 60 గ్రా. ఇంటి దగ్గరే వేయించి, తాలింపు కలిపి డబ్బాలో తెచ్చుకోవాలి. 180 మి.లీ. నీళ్లు మరిగాక గిన్నెను పిడితో పైకెత్తి పట్టి రవ్వ పోసి కలిపి, మూత పెట్టి నేల మీద 5 నిమిషాలు ఉంచాలి. తాలింపు అక్కడే వేయాలనుకుంటే నూనె ముందు పోసి, గిన్నెను మంటకు ఒక జానెడు ఎత్తులో పిడితో ఊపుతూ వేడి చేయాలి. స్టాండు మీద పెట్టేస్తే ఆవాలు చిటపటమనే లోపే మాడిపోతాయి.

దశ 7: పుల్లలు, మసి

సరుగుడు, తుమ్మ నిప్పు నిలుపుతాయి, దమ్ముకు అవే కావాలి. కంది కంప భగ్గున మండుతుంది, నిప్పులు మిగలవు. టీకి అది చాలు. కొబ్బరి చిప్ప ముక్కలు గట్టి వేడి ఇస్తాయి గానీ మసి నల్లగా, జిగటగా పడుతుంది. గన్నేరు పుల్ల ఏరకండి, దాని పొగ విషం. జీడిపిక్కల తొక్కు కూడా వద్దు, అందులోని నూనె పొగ కళ్లను, గొంతును కాలుస్తుంది. రంగు వేసిన చెక్క అసలే వద్దు.

మసికి మూడు పద్ధతులు పోల్చాం. అడుగున బట్టల సబ్బు రుద్దితే తొలి వంటకు మసి నీళ్లతో పోయింది, రెండో వంటకు పోలేదు. బంకమన్ను పల్చగా మెత్తి ఆరబెడితే రెండు వంటల తర్వాత కూడా పెచ్చులుగా ఊడింది, కానీ మరిగే సమయం 25 సెకన్లు పెరిగింది. ఏమీ పూయకుండా వదిలేసి, జిడ్డు మసిని మాత్రం పుల్లతో గీకి, పొడి మసిని అలాగే ఉంచి సంచిలో వేయడం మూడోది. దారి మీద మూడోదే కుదిరింది. ఇల్లు చేరాక బూడిద, కొబ్బరి పీచుతో ఒకసారి తోమితే చాలు. స్టీలు మీద మిగిలే నీలం, పసుపు ఛాయలు వేడి వల్ల వచ్చినవి, హాని లేదు.

దశ 8: మిగతా సామాను, సంచి

పట్టకారు: బజారులోది 118 గ్రా. పిడులు 45 మి.మీ. చొప్పున కోసి, ఆకురాయితో అంచులు అరగదీస్తే 79 గ్రా. వార్చడానికి ఇది తప్పదు, తీగ పిడితో గిన్నె వంచలేం.

చెంచా 24 గ్రా.

గ్లాసు: మొదట తెచ్చినది 70 మి.మీ. ఎత్తు. గిన్నె లోతు 72 కదా అని కొంటే మూత పడలేదు. మూత అంచు 8 మి.మీ. లోపలికి దిగుతుంది, మిగిలేది 64. 62 మి.మీ. ఎత్తు, 65 వ్యాసం ఉన్న పొట్టి గ్లాసు సరిపోయింది, 50 గ్రా., 200 మి.లీ. పడుతుంది.

వెడల్పు గిన్నెతో ఒక నష్టం ఉంది: పొయ్యి దాని లోపల పట్టదు. పొయ్యికి విడిగా నూలు సంచి కుట్టాం. అది, మసిగుడ్డ కలిసి 38 గ్రా.

మొత్తం: 750 గ్రా., 390 రూ.

నిప్పు గురించి

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. అనుమతి ఉన్న శిబిరంలోనైనా చుట్టూ ఒకటిన్నర మీటరు మేర ఆకులు ఊడ్చి, పొయ్యిని చదును రాయి మీద పెట్టాలి. గుడారం లోపల ఎప్పుడూ వెలిగించవద్దు. పొగ కనపడని నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది, దానికి వాసన ఉండదు. వంట అయ్యాక నిప్పుల మీద నీళ్లు పోసి, బూడిదలో చేయి పెట్టగలిగేంత చల్లారాకే కదలాలి.

దశ 9: 20 మంటల తర్వాత తనిఖీ

గిన్నె అడుగు వంపు: అర మి.మీ. లోపలికి, మంచిదే, స్టాండు మీద నిలకడ పెరిగింది. బోల్టుల్లో ఒకటి వదులైంది. వేడికి నట్టు సాగుతోంది, కాబట్టి ప్రతి ఐదు మంటలకు ఒకసారి బిగించాలి. ఎడమ చెవి కింది వెల్డింగ్ చుక్క చుట్టూ వెంట్రుకంత గీత కనపడింది. గిన్నె నిండా నీళ్లు పోసి గంట ఉంచితే చెమ్మ రాలేదు. ఆ చెవికి 3 మి.మీ. స్టీలు రివెట్టు ఒకటి నీటి గీతకు పైన వేయాలి, ఆ తర్వాతే నిండు గిన్నెను పిడితో ఎత్తాలి. రివెట్టు వేసేదాకా ఎత్తడం పట్టకారుతోనే.